నలభై రెండో సోమవారం

అతను తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. కౌన్సెలర్ అహల్య నవ్వుతూ ఎదురుగా ఉన్న కుర్చీ చూపించింది.

"కూర్చోండి. నా పేరు అహల్య. మీ పేరు?"

ఆమె అతన్ని ఆ ప్రశ్న అడగడం నలభై ఒకటోసారి. ఆ సంగతి అతనికి తెలుసు. ఆమెకు తెలియదు.

"ఓదెలు. ముప్పై ఎనిమిదేండ్లు. నాలుగో నంబరు బొగ్గుబాయిల పని. ఇప్పుడు పైన లాంపు రూంల కూసుంట. ఇగ మీరు నీళ్ళు తాగుతరా అని అడుగుతరు."

సరిగ్గా ఆ మాట కోసమే నోరు తెరిచిన అహల్య ఆగిపోయింది.

"తాగుత," అని అతనే సీసా అందుకున్నాడు.

అతని ఎడమ కనుబొమ మీద సన్నని నీలి గీత ఉంది. గాయంలో బొగ్గుపొడి ఉండిపోయి పైన చర్మం మానితే మచ్చ అలా నీలంగా మిగిలిపోతుంది. గనుల ఊరిలో అలాంటి గీత లేని మగవాళ్ళు తక్కువ.

ఇద్దరి మధ్యా చిన్న చెక్క బల్ల. బల్ల మీద అతని చేతికి అందేంత దూరంలో ఒక నల్లటి స్విచ్. అహల్య తలచుట్టూ రెండు వేళ్ళ వెడల్పున బూడిదరంగు పట్టీ.

"ముందు మీకు ఈ గది పద్ధతి చెప్పాలి," అంది.

"నేనే చెప్త. నేను లోపలికి రాంగనే మీ తలకున్న పట్టీ మొదలైతది. పోయేటప్పుడు నేను ఈ స్విచ్ నొక్కుత. ఈ గంటల మీరు విన్నదంత పోతది. నా మొఖం గూడ యాదికుండదు. మీరు రాసుకోరు, రికార్డు చెయ్యరు. నొక్కకుంటే మీకు యాదుంటది. అయితే నొక్కకుండ పోయినోడు ఇప్పటిదాక ఎవడు లేడు. అంతేనా?"

"నాకంటే బాగా చెప్పారు."

ఇన్నాళ్ళూ ఓదెలు మర్యాదగా కొత్తవాడిలాగే జవాబులు చెప్పేవాడు. ఇవాళ ఆ ఓపిక లేదు. అహల్యకు లోపల ఏదో తట్టింది. ఇదివరకు వచ్చారా అని అడగబోయి మానుకుంది. పాత రాకపోకల సంగతి అడగకూడదన్నది ఆ గది మొదటి నియమం. శిక్షణలో నేర్పిన మాటే నోటికి వచ్చింది.

"మొదటి నుంచి చెప్పండి."

ఓదెలు ఒక నిట్టూర్పు విడిచి మొదటి నుంచి చెప్పాడు.

గనిలో అతని పని కప్పు తట్టి చూడడం. తవ్వుతూ పోయే కొద్దీ తల మీద కొత్త బండ బయటపడుతుంది. అది గట్టిదో, లోపల విడిపోయి వేలాడుతోందో ముందుగా ఒకడు చూసి చెప్పాలి. అతను సరేనంటేనే మిగతా వాళ్ళు దాని కింద నిలబడతారు.

"విడిపోయిందని ఎలా తెలుస్తుంది?" అహల్య అడిగింది.

ఓదెలు మొదటిసారి కొంచెం నవ్వాడు. ఎడమ అరచేతిని బల్లకు ఆనించి, కుడిచేతి కణుపులతో కొట్టాడు. రెండు దెబ్బలు గబగబా. ఒక్క క్షణం ఆగి, మూడోది.

"మొదటి రెండు బండను లేపేటియి. మూడోది వినేది. అక్కడ మేం కడ్డీతోని కొడతం. గట్టి బండ గంట లెక్క పలుకుతది. డొల్ల బండ దబ్బుమంటది. చెవి మోసపోయినా ఈ ఎడమ చేతికి అదురు తెలుస్తది. మీరు కొట్టి చూడున్రి."

అహల్య కొట్టింది. రెండు, ఆగి, ఒకటి. ఎడమ అరచెయ్యి సరిగ్గా ఉండాల్సిన చోట ఉంది.

"మొదటిసారే బాగా వచ్చిందే," అంది సంతోషంగా.

ఓదెలు కిటికీ వైపు చూశాడు.

తరువాత పోశం ఎవరో చెప్పాల్సి వచ్చింది. ఇద్దరూ ఒకే ఏడు పనిలో చేరడం, ఒకే టిఫిన్ డబ్బా పంచుకోవడం చెప్పాల్సి వచ్చింది. భార్య యశోద గురించి, ఇంట్లో స్లాబు కింద నిద్ర పట్టక ఏడాదిగా వాకిట్లో పడుకోవడం గురించి, బస్సెక్కినా పైకి చూసి రేకు తట్టడం గురించి చెప్పాడు. చివరికి గనిలో ఏడో లెవెల్, కప్పు కూలిన ఆ రోజు ఉదయం. కడ్డీ తీసుకుని కప్పు కిందికి వెళ్ళాడు. కొట్టాడు.

గోడ గడియారంలో మరో ఐదు నిమిషాలే ఉన్నాయి. ప్రతి సోమవారం అంతే. కొత్త మనిషికి మొదటి నుంచి చెప్పుకు వస్తే గంట సరిగ్గా అక్కడికే సరిపోతుంది.

"కొట్టారు. తరువాత?"

"ఇగ చాలు మేడం. వచ్చే సోమవారం ఒక్కసారి వస్త. మీకు చెప్పి పోవాలె గద. ఆ తర్వాత అవసరం పడది."

"ఎందుకు?"

"మళ్ళ లోపలి డ్యూటీకి దరఖాస్తు పెట్టిన. అదే ఏడో లెవెల్. పై మంగళారం ఫస్టు షిఫ్టుల దిగుత." ఓదెలు లేచి నిలబడ్డాడు. "ఈసారి కప్పు తట్టను."

అహల్యకు అర్థమైంది. ఒక్క ఉదుటున కుర్చీలోంచి లేచింది.

"ఓదెలు గారూ, కూర్చోండి. స్విచ్ మీంచి చెయ్యి తీయండి."

అతను నొక్కాడు.

నలభై సెకన్ల తరువాత అహల్య కళ్ళు తెరిచింది. గదిలో ఎవరూ లేరు. ఎదుటి కుర్చీ వెనక్కి జరిగి ఉంది. సీసాలో నీళ్ళు సగం ఉన్నాయి. తను బల్ల మీదికి వంగి ఎందుకు నిలబడిందో, గుండె ఎందుకు అంత గట్టిగా కొట్టుకుంటోందో ఆమెకు తెలియలేదు.

పట్టీ తీసి బల్ల మీద పెట్టింది. ఆ రోజుకు అతనే ఆఖరివాడు.

*

"ఇవాళ ఏం జరిగిందమ్మా?" హైదరాబాద్ హాస్టల్ నుంచి కూతురు చైత్ర ప్రతి సాయంత్రం అడిగే ప్రశ్న అది.

"ఏం లేదు."

"రోజూ అదే మాట."

అబద్ధం కాదు. అహల్య రోజులో ఆరు గంటలు లేవు. ఆటో దిగడం గుర్తుంటుంది. వరండా, మధ్యాహ్నం అన్నం డబ్బా, సాయంత్రం మళ్ళీ ఆటో. మధ్యలో ఆరు తెల్లటి గుంటలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అది సుఖంగానే ఉండేది. ఎవరి ఏడుపూ ఇంటిదాకా రాదు. భర్తతో విడిపోయి అప్పటికి నాలుగేళ్ళు. మరచిపోవడమే పనైన ఉద్యోగం దొరకడం అదృష్టమనుకుంది.

రెండో ఏడు వచ్చేసరికి కూతురికి చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలని దారిలో మిర్చిబజ్జీల బండి దగ్గర ఆగడం మొదలుపెట్టింది. బండివాడు ఏదైనా అంటే అది ఆ రోజు సంఘటన. అతను కూడా ఏమీ అనకపోతే, ఏం లేదు.

"అమ్మా, ఏంటా చప్పుడు?"

"ఎక్కడ?"

"నీ దగ్గరే. నువ్వే కొడుతున్నావు."

అహల్య చూసుకుంది. ఎడమ అరచెయ్యి గోడకు ఆనించి ఉంది. కుడిచేతి కణుపులు గోడ మీద కొడుతున్నాయి. రెండు, ఆగి, ఒకటి.

ఫోను పెట్టేశాక ఇల్లంతా కొట్టుకుంటూ తిరిగింది. వంటింటి గోడ గట్టిగా పలికింది. బీరువా పక్క గోడ దబ్బుమంది. అక్కడ సున్నం లోపల విడిపోయిందని ఆమెకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందో మాత్రం తెలియలేదు.

*

"చేతుల జ్ఞాపకం," అన్నాడు సదానందం. "నేను భయపడ్డదే అయింది."

ఆ పట్టీ యంత్రం ఆయన సృష్టి. వరండా చివర ఆయన ప్రయోగశాల. గదిలో సగం వైర్లు, సగం పాత టీ కప్పులు. యాభై దాటిన మనిషి.

"విన్న మాట వెంటనే గట్టిపడదు. పచ్చి సిమెంటు లెక్క కొంచెం టైము పడుతది. ఆ లోపలనే పట్టీ దాన్ని చెరిపేస్తది. కానీ సైకిల్ తొక్కుడు, ముడివేసుడు, గిసొంటివి ఉండే చోటు వేరు. అక్కడికి నా పట్టీ పోలేదు."

"అంటే ఎవరో నాకు ఇది ఆ గదిలో నేర్పారు."

"నేర్పి ఉంటరు. భయపడకు. సోమవారం కొత్త పట్టీ ఇస్తున్న. అది చేతులదాక పోతది. కొత్తగ అంటుకున్న అలవాట్లు నాలుగైదుసార్లల్ల రాలిపోతయి."

ఆయన తెర మీద ఒక పటం చూపించాడు. రెండేళ్ళ సెషన్లు, చుక్కలుగా. పేర్లు లేవు. గది బయట నర్సు అడిగే ఐదు ప్రశ్నలు, వాటికి మార్కులు. గీత మొదటి ఆరు వారాలు పైకి ఎక్కింది. అక్కడి నుంచి చదును. కొన్నిచోట్ల కిందికి.

"ఆరో వారం తరువాత ఎవరూ బాగుపడడం లేదు సార్."

"రావడం మానలేదు గద. ఇంతకుముందు ఒక్కడన్నా వచ్చెటోడా?"

"బాగైతే మానేసేవాళ్ళు."

సదానందం చల్లారిన టీ ఒక గుక్క తాగాడు.

"మా అన్న ఐలయ్య బాయిలనే పనిచేసెటోడు. రాత్రి నిద్ర లేదు, చేతులు వణుకుడు. నేనే బతిమిలాడి ఒక కౌన్సెలర్ దగ్గరికి తోలిన. పాపం నోరు విప్పిండు. వారం తిరగకముందే షిఫ్టు మొత్తం తెలిసింది. పిస్సోడు అన్నరు. చిన్న పోరగాండ్లు గూడ అన్నరు. ఒకనాడు డబ్బా పట్టుకొని డ్యూటీకి పోతున్నా అని పోయిండు. మళ్ళ రాలే. ఇరవై ఏండ్లయింది." కప్పు కింద పెట్టాడు. "చెప్పినోని మాట బయటికి పోకుండ ఉండాలంటే విన్నోనికి యాదుండొద్దు. ఇంకో తోవ నాకు దొరకలే అహల్యా."

అహల్య లేచి వచ్చేసింది.

*

ఆదివారం సంత. ఎండ మండుతోంది. లచ్చవ్వ బండి నిండా పుచ్చకాయలు.

బండికి అవతల ఒక మనిషి సంచి పట్టుకుని నిలబడ్డాడు. మంచి కాయలన్నీ అతని వైపే ఉన్నాయి.

"కొంచెం జరుగుతారా?" అంది అహల్య.

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఏదో వెతుకుతున్నట్టు. అహల్యకు ఇబ్బందిగా అనిపించి చూపు తిప్పుకుంది. అతను జరిగాడు. కనుబొమ మీద నీలి గీత ఉందని మాత్రం గమనించింది. ఊళ్ళో సగం మందికి ఉంటుంది.

ఒక కాయ తీసుకుంది. ఎడమ అరచెయ్యి దానికి ఆనించి, కణుపులతో కొట్టింది. రెండు, ఆగి, ఒకటి.

లచ్చవ్వ కిసుక్కున నవ్వింది.

"గట్ల కొడితె అది పండిందో లేదో ఏం చెప్తది బిడ్డా? పుచ్చకాయను వేలితోని టక్కుమనిపియ్యాలె. నువ్వు బండను కొట్టినట్టు కొడుతున్నవ్."

"బండనా?"

"బాయిల కప్పు చూసేటోళ్ళు గట్లనే కొడతరు. మా ముసలోడు రిటైరై పదేండ్లాయె, ఇప్పటికి నా నెత్తి మీద గట్ల కొట్టి డొల్ల ఉన్నదంటడు. నీకెవరు నేర్పిన్రు? మీ ఇంటాయన బాయి పనా?"

"కాదు. ఎన్నాళ్ళలో వస్తుంది ఇది?"

"ఊకెనే వస్తదా? కొత్తోనికి ఏడాది పడుతది అంటడు మా ముసలోడు."

అహల్య చేతిలో కాయ బరువెక్కింది. ఏడాది. ఎవరో ఒక మనిషి ఏడాదిగా తన దగ్గరికి వస్తున్నాడు. వారం వారం బల్ల కొట్టి చూపిస్తున్నాడు. వారం వారం తను అతన్ని పేరు అడుగుతోంది.

తల ఎత్తి చూసింది. అవతల ఉన్న మనిషి అప్పటికే జనంలో కలిసిపోయాడు.

*

ఇంటికి వెళ్ళి ఒక నిర్ణయం తీసుకుంది. ఆదివారం తీసుకున్న నిర్ణయాన్ని సోమవారం పట్టీ చెరపలేదు. వచ్చిన ప్రతి మనిషినీ పేరు అడగడానికి ముందు బల్ల మీద మూడు దెబ్బలు కొట్టాలి. నియమాల్లో అది చెయ్యకూడదని ఎక్కడా లేదు.

సోమవారం మొదటి మనిషి వెళ్ళిపోయాక నలభై సెకన్ల తెలుపు. అతనేనా, కాదా? ఆమెకు తెలియదు. రెండోసారి అంతే. మూడు, నాలుగు. కొత్త పట్టీ లోపలికి తవ్వుతోంది. మధ్యాహ్నం డబ్బా మూత తీస్తుంటే వేళ్ళు ఒక్క క్షణం తడబడ్డాయి. ఐదో మనిషికి బల్ల కొట్టినప్పుడు రెండో దెబ్బ ఆలస్యంగా పడింది. ఆ మనిషి ఆమె వంక వింతగా చూసి, తరువాత స్విచ్ నొక్కి వెళ్ళిపోయాడు. ఆ చూపు కూడా పోయింది.

నాలుగు గంటలకు తలుపు తెరుచుకుంది. ఆ రోజుకు ఆఖరి మనిషి. నీలి గీత. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. జేబులో మడత పెట్టిన కాగితం.

నిన్న సంతలో చూసిన మనిషి అని అహల్య గుర్తుపట్టింది. ఆ మాట అనలేదు. ఎడమ అరచెయ్యి బల్ల మీద ఆనించింది. కుడిచెయ్యి ఎత్తింది.

రెండు దెబ్బలు. వెంటనే మూడోది. ఏదో తప్పింది. ఎక్కడ తప్పిందో చేతికి తెలియడం లేదు. మళ్ళీ ఎత్తి, గాలిలో ఆపేసింది.

తలుపు దగ్గర నిలబడిన మనిషి అసంకల్పితంగా అన్నాడు.

"మూడోది ఆగి కొట్టాలె."

గాలిలో ఉన్న చెయ్యి కిందికి దిగింది.

"మీరేనా నాకు ఇది నేర్పింది?" అంది అహల్య.

ఓదెలు ముఖం పాలిపోయింది. "మీకు యాదికున్నానా?"

"లేదు. మీ పేరు కూడా తెలియదు. చేతికి మాత్రం తెలుసు. అదీ ఇవాళ మరచిపోతోంది. ఎన్ని వారాలు నేర్పారు?"

"ఇయ్యాలటికి నలభై రెండు."

అతను కుర్చీలో కూర్చున్నాడు. నీళ్ళ సీసా కోసం చెయ్యి చాపి, అందుకోకుండానే వెనక్కి తీసుకున్నాడు.

"నిన్న మీ ముందర నిలబడ్డ మేడం. జరగమన్నరు. జరిగిన. నలభై ఒక్కసార్లు నా బతుకంత విన్న మనిషి నన్ను జరగమంటే ఎట్లుంటదో ఎరుకేనా మీకు? నా పాణం అప్పుడే సగం పోయింది." ముఖం తుడుచుకున్నాడు. "సరే. మొదటి నుంచి చెప్త."

"వద్దు."

అతను తల ఎత్తాడు.

"ఇన్ని వారాలూ గంట అయిపోయేసరికి ఎక్కడ ఆగుతున్నారో అక్కడి నుంచి చెప్పండి. తెలియని పేరు వస్తే నేనే అడుగుతాను."

ఓదెలు బల్ల వంక చూస్తూ చాలా మెల్లగా మొదలుపెట్టాడు.

"పోశంగాడు నా దోస్తు. కప్పు కూలిన దినానికి రెండు వారాల ముందు నేనొక కప్పు కొట్టి బాగలేదన్న. పని ఆపిన్రు. షిఫ్టంత ఖాళీగ కూసున్నరు. కప్పు పడలే. మరునాటి సంది ఒకటే నవ్వుడు. ఓదెలు నెత్తి మీద ఈగ వాలినా కప్పు కూలిందంటడు అని. అందరికన్న ఎక్కువ నవ్వింది పోశంగాడే. వాడు నవ్వితే నాకు సురుక్కుమనేది."

"తరువాత?"

"ఆ దినం ఏడో లెవెల్ల కొట్టిన. రెండు మంచిగనే పలికినయి. మూడోది..." కణుపులు బల్లకు ఆనించాడు. "మూడోది దబ్బుమన్నది. ఎడమ చేతికి గూడ తెలిసింది. ఇంకొక్కసారి కొడదామని కడ్డీ లేపిన. కింద నుండి పోశంగాడు అరిసిండు, ఏమాయెరా, ఇయ్యాల గూడ ఇంటికేనా అని. అందరు నవ్విన్రు. నేను కడ్డీ దించి, మంచిగున్నది అన్న."

అహల్య నీళ్ళ సీసా అతని వైపు జరిపింది.

"నాలుగు నిమిషాలు. అంతే. వాడు ఆ కిందనే ఉండె. ఎంక్వయిరీల రాసిన్రు, శబ్దం సరిగ వినబడలేదని. అందరు నా చెవి మోసం చేసిందనుకుంటున్నరు. వాని పెండ్లాం గూడ నన్ను ఓదార్చింది. చెవి మోసం చెయ్యలే మేడం. నోరు చేసింది. ఆ దినం సంది మంచిగున్నది అన్న మాట నా నోట్లెకెళ్ళి రాదు. కూర ఎట్లున్నదని యశోద అడిగితే ఊకెనే తల ఊపుత."

తప్పు మీది కాదని అనాలని అహల్యకు ఒక్క క్షణం అనిపించింది. అంటే అతను నమ్మడు. నమ్మనిది ఒకటి ఇచ్చి పంపడం కంటే మౌనంగా ఉండడం నయం. అతను ఏడ్చాడు. ఆమె ఏడవనిచ్చింది.

"ఆ నవ్వు గురించి, అప్పుడు మీకు కలిగిన సిగ్గు గురించి ఇంతకుముందు ఎవరికైనా చెప్పారా?"

"ఇప్పుడే."

"జేబులో ఆ కాగితం ఏమిటి?"

"లోపలి డ్యూటీ ఆర్డరు. రేపు పొద్దుగాల ఏడో లెవెల్ల దిగుత. కప్పు తట్టను."

"చచ్చిపోవడానికా?"

అంత సూటిగా అతన్ని ఎవరూ అడగలేదు. ఓదెలు తల దించుకుని ఊపాడు.

అహల్య గొంతు మారలేదు. "కప్పు డొల్లదని తెలిస్తే మీరు ఏం చేస్తారు? అందరినీ పంపేసి దాని కింద మీరు నిలబడతారా?"

"ఎవడు నిలబడుతడు? సపోర్టు పెడతం."

"ఒక్కటి చాలుతుందా?"

"చాలదు. ఒకటి పెట్టి, దాని పక్కకు ఇంకోటి, వరుసగ పెట్టుకుంట పోవాలె."

"పెట్టినదాన్ని మరునాడు పీకేస్తే?"

ఓదెలు చూపు మెల్లగా నల్లటి స్విచ్ మీదికి వెళ్ళింది.

"నలభై ఒక్క వారాలు మనం చేసింది అదే," అంది అహల్య. "ఇద్దరం కలిసి ఒకటి నిలబెట్టడం, పోతూ పోతూ మీరు దాన్ని పీకేయడం. మీ తప్పేమీ కాదు. ఈ గదిని కట్టడమే అట్లా కట్టారు."

గడియారంలో పది నిమిషాలున్నాయి. ఆ పది నిమిషాల్లో చెయ్యాల్సినవి చకచకా మాట్లాడుకున్నారు. ఈ రాత్రి ఒక్కడే ఉండకూడదు. యశోదకు ఏ మాటతో మొదలుపెట్టాలి. ఆర్డరు కాగితం ఈ బల్ల మీదే ఉండిపోతుంది. రేపు ఉదయం ఆసుపత్రిలో మనసు డాక్టరు దగ్గరికి అహల్య కూడా వస్తుంది. నిద్రకు మందు కావాలంటే ఆయన ఇస్తాడు. మళ్ళీ ఈ కుర్చీలోకి గురువారం.

"గురువారం నన్ను పేరడుగుతరా?"

"అది మీ చేతిలో ఉంది."

ఓదెలు స్విచ్ మీద వేలు పెట్టాడు. నలభై ఒక్కసార్లు అలవాటైన వేలు.

"నొక్కకుంటే సంతల కనబడ్డప్పుడు మీరు నన్ను తెలిసిన కండ్లతోని చూస్తరు."

"చూస్తాను."

"దోస్తును చంపినోడు అని."

"కూర ఎట్లా ఉందంటే తల ఊపేవాడు అని. నాకు బల్ల కొట్టడం నేర్పినవాడు అని. అన్నీ కలిపి చూస్తాను."

"రేపు మీ నోరు జారితే?"

"జారదని నేను మాట ఇవ్వగలను. యంత్రంలాగా గ్యారంటీ ఇవ్వలేను."

గడియారం పెద్దముల్లు పన్నెండు మీదికి వచ్చింది. ఓదెలు లేచాడు. వేలు ఇంకా స్విచ్ మీదే ఉంది. అహల్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆపడానికి ఆమెకు హక్కు లేదు.

అతను వేలు తీసేశాడు. తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

నలభై సెకన్లు గడిచాయి. గది తెల్లబడలేదు. అహల్యకు అంతా గుర్తుంది. పోశం నవ్వు, మూడో దెబ్బ, నాలుగు నిమిషాలు. ఒక్కసారిగా ఆ బరువంతా మీద పడితే ఆమె బల్ల అంచు పట్టుకుంది.

*

వరండాలో సదానందం ఎదురు నిలబడ్డాడు. స్విచ్ నొక్కని మొట్టమొదటి సెషన్ అని ప్రయోగశాలలో ఎర్ర దీపం వెలిగింది మరి.

"ఏం చెప్పిండు?" అన్నాడు.

అహల్య ఆయన వంక చూసింది. ఆయన కళ్ళలో ఉన్నది కుతూహలం కాదు, భయం. ఇరవై ఏళ్ళ నాటి భయం.

"చెప్పను సార్."

"నాకు గూడనా?"

"మీకు కూడా."

సదానందం గోడకు ఆనుకున్నాడు. తల ఊపాడు. "మా అన్నకు ఈ మాట అనేటోళ్ళు ఒక్కరు దొరికి ఉంటే," అని, మిగతాది అనకుండా తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి అహల్యకు నిద్ర రాలేదు. రెండేళ్ళలో మొదటిసారి పని ఇంటిదాకా వచ్చింది. ఫోనులో చైత్ర ఎప్పటిలాగే అడిగింది. అహల్య ఏం లేదు అనబోయి ఆగింది.

"ఒకటి జరిగింది. చెప్పకూడదు."

"అంటే?"

"అంటే, జరిగింది."

మంగళవారం ఆసుపత్రి. గురువారం పేరు అడగలేదు. ఓదెలు ఇంకా వాకిట్లోనే పడుకుంటున్నాడు. యశోద కూడా పక్కన చాప వేసుకుంటోంది. అంతవరకే బాగైంది. మిగతాది చాలా ఉంది.

ఆదివారం సంతలో లచ్చవ్వ బండికి అవతల అతను నిలబడి ఉన్నాడు. అహల్యను చూసి వెళ్ళిపోవాలా, ఉండాలా అన్నట్టు సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఓదెలు గారూ, కొంచెం జరుగుతారా?"

అతను జరగలేదు. బండి మీది కాయల వంక చూసి, ఒకటి ఎంచి తీశాడు. ఎడమ అరచెయ్యి దానికి ఆనించాడు. రెండు దెబ్బలు. ఆగాడు. సంత గోల మధ్య చెవి దగ్గర పెట్టుకుని మూడోది కొట్టాడు. ఇంకా వింటూనే ఉన్నాడు.

"కాయ కొంటరా, పెండ్లి సంబంధం చూస్తున్నరా?" అంది లచ్చవ్వ.

ఓదెలు పెదవులు కదిలాయి. మాట రాలేదు. కాయను రెండు చేతులతో అహల్యకు అందించాడు.

"మంచిగున్నది," అన్నాడు.

సాయంత్రం ఫోను మోగింది.

"ఇవాళ ఏం జరిగిందమ్మా?"

"పుచ్చకాయ కొన్నాను."

"తియ్యగా ఉందా?"

"ఇంకా కొయ్యలేదు," అంది అహల్య. కాయ ఒళ్ళోనే ఉంది. ఎడమ అరచెయ్యి దాని మీద ఉంది. "మంచిగున్నదన్నారు."